ఒకటిన్నర అంగుళం ఇనుము

1771 జూలై 17. కెనడా ఉత్తరపు కొసన, ఇంకో ఏడెనిమిది మైళ్లు దాటితే సముద్రంలో కలుస్తుందనగా కాపర్‌మైన్ నది బండల మీద నుంచి విరుచుకుపడే చోటు. అక్కడ వేసవిలో పొద్దు కుంకదు. రాత్రి ఒంటిగంటకీ వెలుతురే. నదికి రెండు ఒడ్లా కలిపి పన్నెండు గుడారాలు. చేపల కాలమని వచ్చి దిగిన ఆర్కిటిక్ ఆదివాసుల, ఇన్యూట్ కుటుంబాలవి.

శామ్యూల్ హెర్న్‌కి అప్పటికి ఇరవై ఆరేళ్లు. హడ్సన్స్ బే కంపెనీ ఉద్యోగి. ఉత్తరాన రాగి గని ఉందన్న కబురు పట్టుకుని, మటొనాబీ అనే డెనే ఆదివాసీ నాయకుడు దారి చూపిస్తుంటే చర్చిల్ దగ్గరి కోట నుంచి ఏడు నెలలు నడిచి వచ్చాడు. వెంట వచ్చిన డెనే యోధులకు గనికన్నా ముందు తీర్చుకోవాల్సిన పాత పగ ఒకటుంది. నిద్రలో ఉన్న గుడారాల మీద పడ్డారు. ఇరవై మందికి పైగా ప్రాణాలు పోయాయి. వాళ్లలో ఆడవాళ్లు, పసిపిల్లలు కూడా ఉన్నారు. పద్దెనిమిదేళ్ల అమ్మాయి ఒకతె హెర్న్ కాళ్లను చుట్టేసుకుని అక్కడే చనిపోయింది. ఆ రోజు గుర్తొస్తే కన్నీళ్లు ఆగవని అతను ఏళ్ల తర్వాత కూడా రాసుకున్నాడు. ఆ జలపాతానికి బ్లడీ ఫాల్స్ అని పేరు పడిపోయింది.

చంపడం అయ్యాక దోచుకోవడం మొదలైంది. రాగి సామాన్లు మూటలు కట్టారు. రాతి వంటపాత్రలు బద్దలు కొట్టారు. గుడారాలు నదిలోకి విసిరేశారు. అంత ఘోరం మధ్యలోనూ హెర్న్‌లోని కంపెనీ మనిషి ఆ ఇళ్లలో ఏమేం సామాన్లున్నాయో కళ్లతో లెక్కపెట్టుకున్నాడు.

అంతా రాయి, కొమ్ము, చెక్క, రాగి. పన్నెండు గుడారాలూ గాలిస్తే ఇనుము రెండే రెండు ముక్కలు కనిపించింది. ఒకటి ఒకటిన్నర అంగుళం పొడవు, వెడల్పు అర అంగుళం కూడా లేదు. రెండోది బొటాబొటిగా అంగుళం పొడవు, పావు అంగుళం వెడల్పు. చిన్నముక్కను దంతపు పిడిలో బిగించి మగవాళ్ల కత్తి చేశారు. చెక్కపని మొత్తానికీ వాళ్లకు అదొక్కటే ఆధారం. పెద్దముక్కతో చేసింది ఆడవాళ్ల కత్తి.

హెర్న్ పుస్తకం అతను పోయిన మూడేళ్లకు, 1795లో అచ్చయింది. ఆ రాత్రి వర్ణనలో అతని కలం ఎంత, తర్వాత దిద్దినవాళ్ల చెయ్యి ఎంత అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఈ కొలతల మీద మాత్రం నాకు అనుమానం లేదు. చదివేవాళ్లను ఏడిపించాలనుకున్నవాళ్లు అంగుళాల్లో పావులూ అరలూ లెక్కగట్టరు. ఇది సరుకు విలువ తెలిసిన వర్తకుడి చూపు.

నా మనసులో నిలిచిపోయింది ఆ రెండు ముక్కల మధ్య ఉన్న అర అంగుళం తేడా. అక్కడ వేటకు వెళ్లేది మగవాడు. లోహం పని చేసేదీ అతనే. తన కత్తి, ఇంటి ఆడమనిషి కత్తి, రెండూ తయారుచేసేది అతనే. ఇనుము అంటే బంగారం కన్నా అపురూపమైన చోట రెండు ముక్కలు దొరికితే, పెద్దది ఎవరికన్నది అతనే తేల్చుకోవాలి. తేల్చుకున్నాడు. పెద్దది ఆమె చేతిలో పెట్టాడు.

ఆ కత్తి పేరు ఉలు. మన కత్తిపీట అలుగును పీట నుంచి ఊడదీసి, వంపుకు పైన నడిమధ్య ఒక అడ్డపిడి బిగిస్తే ఎలా ఉంటుందో దాదాపు అలా ఉంటుంది. పిడి గుప్పిట్లో ఇమిడిపోతుంది. బలమంతా అరచేతిలోంచి తిన్నగా అంచు మీదికి దిగుతుంది. మామూలు కత్తికి మణికట్టు అలిసిపోతుంది. ఉలుకు ఆ బాధ లేదు. అటూ ఇటూ ఊపితే మాంసం తెగుతుంది. వాలుగా పట్టుకుని తోస్తే సీల్ తోలు మీది కొవ్వు, తోలు చిరగకుండా, పొరగా లేచి వస్తుంది. మూలతో గీస్తే కారిబూ జింక చర్మం కొలత ప్రకారం తెగుతుంది. అదీ వెనకవైపు నుంచి, ఒక్క వెంట్రుక తెగకుండా. పిల్లల జుట్టు కత్తిరించేదీ దాంతోనే. భోజనాల దగ్గర మాంసం కొస పళ్లతో పట్టుకుని, పెదవుల ముందు ఒక్క కోత కోసి నోట్లో వేసుకునేదీ దాంతోనే.

వంటింటి కత్తికి అంత విలువైన ఇనుము దేనికి అని మనకు అనిపించవచ్చు. అక్కడ ఆ కత్తి పని వంటతో మొదలు కాదు, బట్టతో మొదలవుతుంది. సున్నాకు నలభై డిగ్రీలు దిగువన ఉండే చలిలో, గడ్డకట్టిన సముద్రం మీద, సీల్ ఊపిరి పీల్చుకునే కంత పక్కన కదలకుండా గంటల తరబడి నిలబడాలంటే మనిషి ఒంటి మీద రెండు పొరల కారిబూ తోలు ఉండాలి. లోపలి పొర వెంట్రుకలు ఒంటికి తగులుతూ, పైపొర వెంట్రుకలు గాలికి ఎదురుగా. కోత వంకర పోతే కుట్టు కలవదు. కుట్టు కలవకపోతే చలి దూరుతుంది. చలి దూరితే వేటగాడు వేళ్లు పోగొట్టుకుంటాడు, కొన్నిసార్లు ప్రాణమే పోగొట్టుకుంటాడు. అతని బల్లెం ముందుకు సాగాలంటే ఇంట్లో ఆమె కత్తికి పదునుండాలి. బ్లడీ ఫాల్స్ దగ్గర ఇనుము పంచుకున్న మనిషికి ఇది ఒకరు చెప్పాల్సిన సంగతి కాదు.

మన ఇళ్లలో కత్తి చేతికివ్వరు. కింద పెడితే అవతలివాళ్లు తీసుకోవాలి, లేకపోతే గొడవలొస్తాయంటారు. ఇంగ్లండులో కత్తి బహుమతిగా ఇస్తే స్నేహం తెగిపోతుందని నమ్మి, పుచ్చుకున్నవాళ్లు ఒక చిన్న నాణెం చేతిలో పెట్టి కొనుక్కున్నట్టు చేస్తారు. ఇన్యూట్ ఇళ్లలో పెళ్లి నాటి కానుకే కత్తి. భర్త భార్యకు చేసిస్తాడు, తండ్రి కూతురికి, తాత మనవరాలికి. అది తల్లి నుంచి బిడ్డకు దిగుతుంది. పాత రోజుల్లో చనిపోయిన ఆడమనిషి పక్కన సమాధిలో ఆమె ఉలు ఉంచేవారు.

ఇనుము విషయంలో మనం అదృష్టవంతులం. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించిన ఉక్కు కోసం ఇరాన్ వర్తకులు అంత దూరం నుంచి వచ్చి కూర్చునేవారు. ఆర్కిటిక్ తీరంలో కొలిమి వేద్దామంటే కట్టెలే లేవు. చెట్టన్నది మొలవని నేల అది. నదీతీరాల్లో, విక్టోరియా ద్వీపపు కొండల్లో ముద్దలుగా దొరికే రాగిని రాతి సుత్తితో సాగగొట్టి పనిముట్లు చేసుకునేవారు. అందుకే బయటివాళ్లు వీళ్లకు రాగి ఇన్యూట్ అని పేరు పెట్టారు. రాగికి పదును వస్తుంది గానీ నిలవదు. నాలుగు తోళ్లు గీరితే మళ్లీ సాన పట్టాలి.

అలాంటి నేల మీదికి ఒక ఓడ నిండా ఇనుము దానంతట అదే నడిచి వచ్చింది.

ఆ ఓడ పేరు ఇన్వెస్టిగేటర్. బ్రిటిష్ నౌకాదళానిది. ఆచూకీ లేకుండా పోయిన జాన్ ఫ్రాంక్లిన్ ఓడలను వెతకడానికి 1850 జనవరిలో ఇంగ్లండు నుంచి బయలుదేరింది. కెప్టెన్ రాబర్ట్ మెక్‌క్లూర్. దక్షిణ అమెరికా కొస చుట్టి, పసిఫిక్ దాటి, బేరింగ్ జలసంధి గుండా ఆర్కిటిక్‌లో ప్రవేశించాడు. మొదటి చలికాలం బాంక్స్, విక్టోరియా ద్వీపాల మధ్య మంచులో బిగుసుకుపోయారు. తర్వాతి వేసవిలో, 1851లో, మెక్‌క్లూర్ స్లెడ్జి మీద విక్టోరియా ద్వీపపు తీరానికి వెళ్లాడు. వెంట దుబాసీ యోహాన్ మియర్ట్‌షింగ్. మొరేవియన్ మిషనరీ, లాబ్రడార్‌లో ఇన్యూట్ భాష నేర్చుకున్నవాడు.

అక్కడ గుడారాలు వేసుకుని ఉన్నవాళ్లు తెల్లమనుషులను చూసి ఎక్కువసేపు బెదరలేదు. తమ భాష మాట్లాడే మనిషి ఉన్నాడు కదా. కాగితం చేతికిస్తే తీరం ఎటు తిరుగుతుందో గీసి చూపించారు. వాళ్ల బాణాల మొనలు, కత్తులు అన్నీ రాగివి. సెలవు తీసుకునేటప్పుడు మెక్‌క్లూర్ తన మెడలోని ఎర్రటి శాలువా తీసి, పక్కనే నిలబడ్డ ఒక చిన్నవయసు తల్లి మెడకు చుట్టాడు. ఆమె కంగారుపడిపోయింది. బదులివ్వడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. తలముసుగు కింద వీపున మోస్తున్న బిడ్డను బయటికి తీసి, ముద్దులతో ముంచెత్తి, అతని ముందుకు చాపింది. అంత పెద్ద వస్తువు ఇచ్చాడంటే బదులుగా బిడ్డనే అడుగుతున్నాడనుకుంది. మియర్ట్‌షింగ్ ఓపిగ్గా చెప్పాడు, ఇది ఊరికే ఇచ్చింది, బదులు అక్కర్లేదని. అప్పటికి గానీ ఆమె శాలువా తీసుకోలేదు. తీసుకున్నాక, ఈ ఎర్ర తోలు ఏ జంతువుదని అడిగింది.

మెక్‌క్లూర్ బృందం దీన్ని ముచ్చటగా చెప్పుకుంది. నాకు మాత్రం ఈ ఘట్టం చదివిన ప్రతిసారీ గుండె బరువెక్కుతుంది. ఇచ్చింది పుచ్చుకుంటే బదులివ్వాలన్న నియమాన్ని ఆ తల్లి ఎంత దూరం పాటించబోయిందో చూడండి.

అదే ఏడాది సెప్టెంబరు 24న ఇన్వెస్టిగేటర్ బాంక్స్ ద్వీపం ఉత్తరాన ఒక అఖాతంలోకి దూరింది. తుపాను నుంచి తలదాచుకోవడానికి దొరికిన చోటని మెక్‌క్లూర్ దానికి మెర్సీ బే అని పేరు పెట్టాడు. ఓడ మళ్లీ బయటికి రాలేదు. మరుసటి ఏడాది వేసవి వచ్చింది గానీ అఖాతంలోని మంచు విడలేదు. అరవై మందికి పైగా సిబ్బంది. రేషన్ తగ్గించారు, మళ్లీ తగ్గించారు. స్కర్వీ రోగంతో చిగుళ్లు వాచాయి, కాళ్లు నల్లబడ్డాయి. చుట్టూ టన్నుల కొద్దీ ఇనుము. మేకులు, బోల్టులు, పొయ్యిలు, పీపాలకు బిగించిన పట్టీలు. అందులో ఒక్క తులం కూడా ఆకలి తీర్చదు.

1853 ఏప్రిల్ 6. ముందురోజు చనిపోయిన నావికుడికి గొయ్యి ఎలా తవ్వాలా అని మెక్‌క్లూర్ తన లెఫ్టినెంటుతో మాట్లాడుకుంటూ మంచు మీద నడుస్తున్నాడు. దూరం నుంచి ఒక మనిషి చేతులూపుతూ పరుగెత్తుకొస్తున్నాడు. ముఖం మసి పూసినట్టు నల్లగా ఉంది. దీపపు పొగ అది. తూర్పు నుంచి వచ్చి ఆగి ఉన్న రెజల్యూట్ ఓడ నుంచి వీళ్లను వెతుక్కుంటూ వచ్చిన లెఫ్టినెంట్ బెడ్‌ఫర్డ్ పిమ్. ఆ నెలలోనే ఇంకో ఇద్దరు పోయారు. మూడు సమాధులు తవ్వి, ఒడ్డున కొంత సామాను పేర్చి, జూన్ 3న అందరూ ఓడను వదిలేసి మంచు మీద నడిచి వెళ్లిపోయారు. అట్లాంటిక్ నుంచి ఆర్కిటిక్ గుండా పసిఫిక్‌కు వెళ్లే వాయవ్య మార్గం కనిపెట్టినందుకు పార్లమెంటు పది వేల పౌండ్ల బహుమతి ఇచ్చింది. ఓడను నౌకాదళం నష్టం కింద రాసేసుకుంది.

ఇక్కడి నుంచి నేను చెప్పేది పేర్లు లేని మనుషుల కథ. 1911లో ఆర్కిటిక్ అన్వేషకుడు విల్హ్యాల్మర్ స్టెఫాన్సన్ విక్టోరియా ద్వీపంలో విన్న మాటలు, బాంక్స్ ద్వీపంలో పురావస్తు పరిశోధకులకు దొరికిన గుడారపు రాళ్లు, ఎముకల గుట్టలు, ఓడ చెక్కముక్కలు, మ్యూజియంలలో ఉన్న రాగి ఇన్యూట్ పనిముట్లు, వీటన్నిటినీ పక్కపక్కన పెట్టుకుంటే కథ ఇలా నడిచి ఉండాలి.

చలికాలం ముగిసే వేళ ఒక కుటుంబం జలసంధి మీది మంచు దాటుతుంది. భార్యాభర్తలు, ఒక ముసలామె, ఇద్దరు పిల్లలు, స్లెడ్జికి రెండు మూడు కుక్కలు. కుక్కలతో సమానంగా మనుషులూ తాడు భుజాన వేసుకుని లాగుతారు. బాంక్స్ ద్వీపం మీదికి ఎక్కాక థామ్సెన్ నది లోయ పట్టుకుని ఉత్తరానికి నడక. దారిలో మస్క్ ఆక్స్ మందలు. కుక్కలు చుట్టుముడితే అవి పరుగెత్తవు, దూడలను మధ్యలో పెట్టుకుని కొమ్ములు బయటికి చూపిస్తూ గుండ్రంగా నిలబడతాయి. బల్లేనికి అంతకన్నా తేలికైన వేట లేదు. మాంసం తింటూ, ఎముకలు పగలగొట్టి మూలుగు తీసుకుంటూ, వారాల మీద వారాలు నడిచి అఖాతం చేరతారు.

ఎప్పుడో విన్నమాట నిజమే. ఓడ అక్కడే ఉంది. ఒడ్డున పీపాలు.

అతను పీపా పక్కన మోకాళ్ల మీద కూర్చుని పట్టీని వేలితో తడిమి చూస్తాడు. రాగి కాదు. రాగి కన్నా బిగువు. బండ మీద పెట్టి రాతి సుత్తితో ఒక దెబ్బ కొడితే వంగింది గానీ విరగలేదు. రాగిని సాగగొట్టిన చేతులకు ఆ ఇనుము కొత్తది కాదు, మొండిది మాత్రమే. ఒకేచోట ముందుకూ వెనక్కూ వంచి వంచి అరచెయ్యి వెడల్పు ముక్క తుంచుతాడు. పెళుసైన పోత ఇనుమైతే పెట్లిపోయేది. ఇది మెత్తని చేత ఇనుము, సుత్తికి లొంగుతుంది. కొట్టి కొట్టి చదును చేస్తాడు. అంచును అర్ధచంద్రంలా తిప్పుతాడు. ఇసుకరాయి మీద నీళ్లు చల్లి రుద్దుతాడు. విల్లుతో తిప్పే బరమాతో కాడకు కంతలు వేస్తాడు. మస్క్ ఆక్స్ కొమ్ము కోసి పిడి చెక్కుతాడు. అలుగునూ పిడినీ కలిపి కొట్టే మేకులకు మళ్లీ రాగే వాడతాడు, ఎందుకంటే రాగి మేకు తల చిన్న దెబ్బకే విచ్చుకుని బిగుస్తుంది. లండన్ కోసం సాగగొట్టిన ఇనుము, విక్టోరియా ద్వీపపు రాగి, బాంక్స్ ద్వీపపు కొమ్ము. మూడూ ఒక ఆడమనిషి గుప్పిట్లోకి చేరాయి.

బదులేమీ ఇవ్వకుండా ఆమె తీసుకునే వస్తువు ఇదొక్కటే అయి ఉంటుందని నాకనిపిస్తుంది. శాలువా కోసం బిడ్డను చాపిన తల్లి కూడా భర్త ఇచ్చిన ఉలుకు బదులు ఇవ్వాలనుకోదు. మర్నాటి నుంచి ఆమె కత్తిరించే ప్రతి తోలూ అతని ఒంటి మీదికే కదా వెళ్లేది.

ఆ ప్రయాణాలు ఒక తరంతో ఆగలేదు. పంతొమ్మిదో శతాబ్దం చివరిదాకా కుటుంబాలు మెర్సీ బేకి వెళ్లి ఇనుము, చెక్క తెచ్చుకుంటూనే ఉన్నాయి. ఒక ఏడు వెళ్లేసరికి ఓడ లేదట. మునిగిందో, మంచుతో పాటు కొట్టుకుపోయిందో తెలియదని వాళ్లు స్టెఫాన్సన్‌తో చెప్పారు. జవాబు రావడానికి తొంభై తొమ్మిదేళ్లు పట్టింది. 2010 జూలైలో పార్క్స్ కెనడా పరిశోధకులు మెర్సీ బేలో సోనార్ దింపిన కాసేపటికే ఓడ కనిపించింది. దాదాపు పదకొండు మీటర్ల లోతున, వదిలేసిన చోటికి దగ్గర్లోనే, నిటారుగా కూర్చుని ఉంది. ఒడ్డున మూడు సమాధులూ దొరికాయి.

స్టెఫాన్సన్ తర్వాతి యాత్ర బృందంతో వచ్చి, 1914 నుంచి రెండేళ్లు రాగి ఇన్యూట్ మధ్య గడిపిన డైమండ్ జెన్నెస్ అనే న్యూజీలాండ్ మానవశాస్త్రవేత్తను ఇక్‌పుక్కువాక్, హిగిలాక్ అనే దంపతులు కొడుకుగా చేరదీశారు. 1915 వేసవి అంతా అతను వాళ్లతో కలిసి విక్టోరియా ద్వీపంలో వేట వెంట తిరిగాడు. అతని కళ్లముందే రాగి పోయి ఉక్కు వస్తోంది. వర్తకుల పడవలు, తుపాకులు, రంపాలు, ఆకురాళ్లు. ఆ తర్వాత కొద్దికాలానికే వ్యాపార కేంద్రాలు వెలిశాయి. ఇనుము కరువు తీరిపోయింది.

కరువు వేరే చోట పడింది. 1959లో ఇనువిక్ పట్టణంలో పెద్ద బడి, దానికి అనుబంధంగా చర్చిల హాస్టళ్లు తెరిచారు. తీరమంతటి నుంచీ పిల్లలను విమానాల్లో తీసుకెళ్లి అక్కడ పెట్టారు. ఏడాదిలో ఎక్కువ భాగం తల్లికి దూరంగా, తల్లి భాషకు దూరంగా. తోలు ఎలా గీరాలో తల్లి పక్కన కూర్చుని చూసి నేర్చుకోవాల్సిన వయసు బంకు మంచాల మీద గడిచిపోయింది. ఇళ్లలో ఉలు కత్తులున్నాయి, అందుకునే చేతులు లేవు. 2008 జూన్ 11న కెనడా ప్రధాని పార్లమెంటులో ఇలాంటి వసతి బడుల విషయంలో క్షమాపణ చెప్పాడు. ఉలు గుర్తు మాత్రం చెరిగిపోలేదు. ఆర్కిటిక్ వింటర్ గేమ్స్ అనే ఉత్తరాది ఆటల పోటీల్లో గెలిచిన పిల్లల మెడలో వేసే పతకం ఉలు ఆకారంలోనే ఉంటుంది. ఆ పతకం చూడముచ్చటగా ఉంటుంది, కాదనను. దానికన్నా నాకు ముఖ్యం, పతకం గెలిచిన అమ్మాయికి అసలు ఉలు ఎవరు చేసిస్తున్నారన్నది.

చేసిచ్చేవాళ్లున్నారు. విక్టోరియా ద్వీపం పడమటి తీరాన ఉలుఖక్‌టోక్ అనే ఊరుంది. నాలుగువందల పైచిలుకు జనం. మెక్‌క్లూర్ శాలువా ఇచ్చిన తీరానికి ఎంతో దూరం కాదు. చుట్టూ ఉన్న కొండల్లో పూర్వం ఈ కత్తులకు పనికొచ్చే రాయీ రాగీ దొరికేవి. ఇప్పుడు సరుకు పాత చేతిరంపం. పళ్లు అరిగిపోయి చెక్కకు పనికిరాని రంపాన్ని అక్కడ ఎవరూ పారేయరు. ఇప్పుడు చెప్పే తాతా మనవరాలూ ఏ ఒక్క ఇంటివాళ్లూ కాదు. ఆ తీరంలో చాలా ఇళ్లలో జరిగేది ఇదే.

"చెయ్యి చాపు," అంటాడు తాత.

"ఏ చెయ్యి తాతా?"

"కోసే చెయ్యి."

అట్టముక్క మీద ఆమె గుప్పిటి వెడల్పు గీస్తాడు. నాలుగు వేళ్లకు సరిగ్గా సరిపోవాలి. పిడి పొడుగైతే చేతిలో తిరుగుతుంది, పొట్టిదైతే చిటికెనవేలు జారి అలుగు మీద పడుతుంది. వాళ్ల నాయనమ్మ ఉలును అదే అట్ట మీద బోర్లించి వంపు గీస్తాడు. అట్ట కత్తిరించి రంపపు రేకు మీద పెట్టి మేకు మొనతో చుట్టూ గీత లాగుతాడు. కింద అర్ధచంద్రం, పైన మధ్యలో నుంచి లేచే కాడ.

కోయడానికి కరెంటు గ్రైండర్ ఉంది. కానీ అసలు మెలకువ అక్కడే ఉంది. రంపపు ఉక్కుకు ఫ్యాక్టరీలోనే పదునుపోత పోసి ఉంటారు. గ్రైండర్ వేడికి రేకు అంచు నీలిరంగు తిరిగిందంటే ఆ గట్టిదనం దిగిపోయినట్టే, ఇక అక్కడ పదును నిలవదు. అందుకే పక్కన డబ్బాలో నీళ్లు. రెండు క్షణాలు కోత, ఒక ముంచు. చుయ్‌మని ఆవిరి. మళ్లీ కోత. చివరి గీత దగ్గరికి వచ్చేసరికి గ్రైండర్ ఆపి ఆకురాయి అందుకుంటాడు. వేడెక్కని పనిముట్టు అదొక్కటే.

పిడికి కారిబూ కొమ్ము. నీళ్లలో నానబెట్టి ఉంచితే మెత్తబడి ఉలికి లొంగుతుంది. లోపల తేనెపట్టులా గుల్లగా ఉండే భాగం తప్పించి, బయటి గట్టి పొర ఎక్కువగా ఉన్న చోటు ఎంచుకుంటాడు. కాడ దిగేంత గాడి కోస్తాడు. కాడకూ కొమ్ముకూ కలిపి కంత వేసి రాగి తీగముక్క దూర్చి, రెండువైపులా చిన్న సుత్తితో తడతాడు. టక్ టక్‌మని మెల్లగా, కొమ్ము పగలకుండా. రాగి తల పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. కొమ్ము ఆరేకొద్దీ బిగుసుకుని కాడను పట్టేసుకుంటుంది.

సాన పట్టడం ఆఖరు. కొందరు ఒకవైపే వాలు తీస్తారు, కొందరు రెండువైపులా. తోలు గీరేదానికి ఒక తీరు, మాంసం కోసేదానికి ఒక తీరు. ఆమెకు కావాల్సింది తోలుకు. తాత బొటనవేలి గోరు మీద అంచు ఆనించి చూస్తాడు. జారితే పదును రానట్టు, పట్టుకుంటే వచ్చినట్టు. పట్టుకుంది.

చేతికే ఇస్తాడు, పిడి ఆమె వైపు తిప్పి. బయట నాయనమ్మ అప్పటికే సీల్ తోలు వెంట్రుకలవైపు కిందికి పెట్టి పలక మీద పరిచి ఉంచింది. మనవరాలు మొదటి తోపుకే లోతుగా దించేసింది. తోలులో గోరంత కంత పడింది.

"నొక్కకు," అంది నాయనమ్మ. "బరువు చేతిది కాదు, కత్తిది. దాన్ని పోనీ."

రెండో తోపు సాగింది. కొవ్వు తెల్లటి పొరగా లేచి చుట్టుకుంది. కంత పడ్డచోట తర్వాత నరంతో కుట్టెయ్యొచ్చు.

షెడ్డులో తాత రంపం మిగిలిన ముక్కను వెలుతురుకు ఎత్తి చూసుకుంటున్నాడు. అందులో ఇంకో రెండు అలుగులు వస్తాయి. ఇనువిక్‌లో చదువుకుంటున్న పెద్దమనవరాలు వేసవి సెలవులకు వస్తోంది. దానిది ఎడమచేతి వాటం, గుప్పిటి కొలత కావాలని ఫోన్‌లో అడగమన్నాడు.